ప్యాకర్ టచ్ ప్యానెల్‌కి పాస్‌వర్డ్ ఎవరికి ఎంతవరకు ఇయ్యాల?

ఎర్రగుంట్ల_ప్యాకర్:
అన్నా, నాది ఎర్రగుంట్ల పక్క సిమెంటు ప్యాకింగ్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ పని. ఎనిమిది స్పౌట్ల (బస్తాలోకి సిమెంటు పోసే మూతుల) రోటరీ ప్యాకర్, దాన్ని నడిపే కంట్రోలర్ సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీ, దానికో టచ్ ప్యానెల్. సెట్టింగ్స్ పేజీకి నాలుగంకెల పాస్‌వర్డ్ ఒకటే ఉండాది, అది కూడా ప్యానెల్ డోర్ లోపల మార్కర్‌తో రాసిపెట్టినారు, లోడింగ్ మేస్త్రీ కాడ్నుంచి టీ తెచ్చే అబ్బి దాకా అందరికీ నోటికొచ్చు. మొన్న నైట్ షిఫ్ట్‌లో ఎవరో మూడో స్పౌట్ కటాఫ్ (ఎంత బరువు కాడ నింపేది ఆపాలనే సెట్టింగ్) మార్చేసినారు, బస్తాలు 51 కిలోల పైన పోతాండాయి, పొద్దున వేబ్రిడ్జి కాడ లారీ బరువు తేడా వస్తే గానీ తెలీలేదు. ఎవరు చేసినారంటే ఎవరూ నోరు తెరవరు, ప్యానెల్లో చూస్తే ఆపరేటర్ అని ఒక్క పేరే. ఇప్పుడు మేనేజర్ అన్నిటికీ పాస్‌వర్డ్ పెట్టేయ్ అంటాడు, ఆపరేటర్లేమో బస్తా ఇరుక్కున్నప్పుడల్లా నంబర్లు నొక్కుకుంటా కూర్చోవాల్నా అని గొడవ. ఎన్ని లెవెల్స్ పెడితే సరిపోతాది? ఇంకోటి, మెషిన్ ఇచ్చినోళ్లు పీఎల్‌సీకి వాళ్ల పాస్‌వర్డ్ వేసిపోయినారు, అడిగితే రేపు మాపు అంటాండారు.

తాడిపత్రి_ప్యానెల్:
మేనేజర్ మాట వినొద్దు తమ్ముడూ, అన్నిటికీ పెడితే రెండో రోజుకే మళ్లీ మార్కర్ బయటికొస్తాది. స్టార్ట్, స్టాప్, అలారం అక్నాలెడ్జ్, జామ్ రీసెట్, ఇవి లాగిన్ లేకుండానే ఉండాల. ఎమర్జెన్సీ స్టాప్ ఎట్లాగూ వైరింగ్‌లోనే ఉంటాది కాబట్టి దాన్ని స్క్రీన్ జోలికే తేవద్దు. బరువు కరెక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జికి. మాన్యువల్ జాగ్ (చేత్తో కొంచెం కొంచెం తిప్పేది), కాలిబ్రేషన్, ఇంటర్‌లాక్ బైపాస్ (సేఫ్టీ అడ్డు దాటించేది) మెయింటెనెన్సోళ్లకి. యూజర్లను చేర్చేది తీసేది నీకొక్కనికే. గ్రూపు పేరుతో కాకుండా మనిషి మనిషికి వేరే యూజర్ చెయ్, ఆటో లాగాఫ్ టైమ్ తక్కువ పెట్టు, లేకుంటే ఇన్‌చార్జి లాగిన్ అయి బీడీకి పోతాడు, ఆ గ్యాప్‌లో జరగాల్సింది జరిగిపోతాది.

అసలు పని మాత్రం ప్యానెల్లో కాదు, పీఎల్‌సీలో ఉండాది. కరెక్షన్‌కి కింద హద్దు, పైన హద్దు ప్రోగ్రాంలోనే కట్టెయ్, ఎవరు ఏ పాస్‌వర్డ్‌తో వచ్చి ఎంత కొట్టినా హద్దు దాటితే పీఎల్‌సీ తీసుకోగూడదు. పాస్‌వర్డ్ తెలిసినోడు కూడా నిద్రమత్తులో 0.3 బదులు 3 కొడతాడు కదా. యూజర్ పేరు, పాత విలువ, కొత్త విలువ డేటా లాగ్‌లోకి రాపియ్, పెన్‌డ్రైవ్‌లో పడుంటాది, రేపు అడిగేదానికి ఆధారం ఉంటాది.

ఆదోని_ఆటోమేషన్:
పైనాయన చెప్పింది కరెక్టే గానీ సగమే అప్పా. ప్యానెల్‌కి ఎన్ని లెవెల్స్ పెట్టినా ల్యాప్‌టాప్‌లో టీఐఏ పోర్టల్ (పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే సీమెన్స్ సాఫ్ట్‌వేర్) ఉండి ఈథర్‌నెట్ వైరు గుచ్చితే నేరుగా పీఎల్‌సీలోకే పోవచ్చు, ముందు వాకిలికి బీగమేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్టు. 1200లో నాలుగు యాక్సెస్ లెవెల్స్ ఉంటాయి: ఫుల్ యాక్సెస్, రీడ్ యాక్సెస్, హెచ్ఎంఐ (అంటే టచ్ ప్యానెల్) యాక్సెస్, నో యాక్సెస్. హెచ్ఎంఐ యాక్సెస్‌లో పెడితే టచ్ ప్యానెల్ మామూలుగా నడుస్తాది, పాస్‌వర్డ్ లేనోడు ప్రోగ్రాం అప్‌లోడూ చెయ్యలేడు, మార్చనూ లేడు.

మీ వెండర్ వేసింది ఏదో ముందు తేల్చుకో. యాక్సెస్ లెవెల్ వేరే, ప్రోగ్రాం బ్లాకులకి వేసే నో-హౌ ప్రొటెక్షన్ వేరే. రెండోది వాళ్ల లాజిక్ దాచుకునేదానికి, అది అడిగినా ఇయ్యరు, ఇయ్యకపోయినా పెద్ద నష్టం లేదు. యాక్సెస్ పాస్‌వర్డ్ అట్ల కాదు, మెషిన్ మీది, అది మీ చేతిలో ఉండాల్సిందే. పీఎల్‌సీలో ఖాళీ ట్రాన్స్‌ఫర్ కార్డు (మెమరీ కార్డు) పెట్టి పాస్‌వర్డ్ తీసేయొచ్చు గానీ దాంతో పాటు ప్రోగ్రాం కూడా పోతాది, చేతిలో బ్యాకప్ లేకుండా ఆ పని చేస్తే ప్యాకర్ ఇనుప దిమ్మె అయి కూర్చుంటాది. పేమెంట్ బ్యాలెన్స్ ఏమన్నా ఉంటే ఇప్పుడే ఆపు, ప్రాజెక్ట్ ఫైలు, పాస్‌వర్డ్ రెండూ చేతికొచ్చినాకే చెక్కు.

సీమ_నెట్‌వర్క్:
వెండర్ రిమోట్‌గా చూసేదానికి 4జీ మోడెమ్ ఏమన్నా పెట్టిపోయినాడా, అది చూడు ముందు. 2023 నవంబర్‌లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని అలిక్విప్పా అనే ఊరి నీళ్ల పంపు స్టేషన్‌లో యూనిట్రానిక్స్ పీఎల్‌సీలోకి బయటోళ్లు దూరినారు, దానికి కంపెనీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ 1111, పైగా ఇంటర్నెట్‌కి నేరుగా కనబడతాండె. ఆ స్టేషనోళ్లు దాన్ని ఆపి మాన్యువల్‌లో నడుపుకున్నారు. మీ నాలుగంకెలు కూడా అట్లాంటివేనని నా డౌటు.

పని మానేసినోళ్ల యూజర్లు కూడా అదే రోజు తీసెయ్యాల. 2000లో ఆస్ట్రేలియాలో మరూచీ కౌన్సిల్ మురుగునీటి సిస్టమ్ పెట్టిన కంపెనీలో పనిచేసి మానేసినోడు ఒకడు, కౌన్సిల్ ఉద్యోగం ఇయ్యలేదని ల్యాప్‌టాప్, రేడియో పెట్టుకుని పంపులు కెలికితే 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకీ వాగుల్లోకీ పోయింది. లోపలి సంగతి తెలిసినోడు కాబట్టే అంత పని చేయగలిగినాడు.

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్:
అందరూ ఇంజనీర్లే మాట్లాడతాండారు, మా మాట కూడా వినండి సామీ. రాత్రి రెండు గంటలకి సిమెంటు ఫైన్‌నెస్ మారి బస్తాలు తక్కువ తూగుతాంటే బయట లారీలోడు హారన్ కొడతాంటాడు, ఇన్‌చార్జికి ఫోన్ చేస్తే ఎత్తడు. అప్పుడు ఆయన పాస్‌వర్డ్ మాకెట్ల తెలుస్తాదో మీకే తెలుసు. కార్డు రీడర్ పెట్టినా అంతే, కార్డు పురికోసకి కట్టి ప్యానెల్‌కే వేలాడేస్తారు, మా పాత ప్లాంటులో చూసినా.

తాడిపత్రి_ప్యానెల్:
అన్న చెప్పేది న్యాయమే. అందుకే ఆపరేటర్‌కి కూడా సొంత లాగిన్ ఇచ్చి చిన్న కరెక్షన్, ఒక 200 గ్రాముల వరకు, వాళ్లనే చేసుకోనియ్యాల, అంతకు మించితేనే ఇన్‌చార్జి. లాగ్‌లో పేరు ఎట్లాగూ పడతాది.

ఎర్రగుంట్ల_ప్యాకర్:
200 గ్రాముల ఐడియా బాగుండాది అన్నా, ఆపరేటర్లు కూడా ఒప్పుకునేట్టు ఉండారు. మోడెమ్ చూసినా, ఉండాది, ప్యానెల్ వెనకాల డిన్ రైలు (పరికరాలు తగిలించే ఇనుప పట్టీ) మీద, యాంటెన్నా కేబుల్ ట్రేలో దూర్చినారు, సిమ్ ఎవరి పేరు మీద ఉండాదో స్టోర్స్‌లో ఎవరికీ తెలీదు. ప్రస్తుతానికి దాని కరెంటు పీకేసినా. దానికి కీ స్విచ్ పెట్టి వెండర్ ఫోన్ చేసినప్పుడు మాత్రమే ఆన్ చేసేటట్టు ఎవరన్నా చేసినారా?