చిట్టెలుకలు బోనులో పడట్లేదు, చంపకుండా పట్టేదెలా?

ప్రశ్న: వంటింట్లో చిట్టెలుకలు. మందు, జిగురు అట్ట వద్దు. తీగల బోను పెడితే ఎర మాయమవుతోంది, తలుపు మాత్రం పడట్లేదు.

జవాబు 1: అది పెద్ద ఎలుకల బోను అయ్యుంటుంది. 6 మిల్లీమీటర్ల సందున్నా చిట్టెలుక దూరిపోతుంది. సన్నకన్నుల ఇనప జాలీ చుట్టండి, లేదా చిన్న ప్లాస్టిక్ బోను కొనండి. కొబ్బరి ముక్కను కొక్కేనికి దారంతో గట్టిగా కట్టండి. ఊరికే గుచ్చితే లాక్కుపోతుంది. తలుపు పట్టీని కొక్కెం అంచుకే తగిలించండి, కాస్త కదిపినా పడాలి. బోను గది మధ్యలో పెడితే లాభం లేదు, అవి గోడవారనే తిరుగుతాయి. రెండు రాత్రులు తలుపు పైకి కట్టేసి మేత అలవాటు చేసి, మూడో రాత్రి బిగించండి.

జవాబు 2: పొద్దున్నా రాత్రీ చూడాల్సిందే. వదిలేస్తే దాహంతో, బెదురుతో లోపలే చస్తుంది, ఇక చంపకుండా పట్టినట్టేముంది? పడగానే గుడ్డ కప్పండి. సాయంత్రం పొదలున్న చోట వదలండి. పక్కింటి గోడ దగ్గర మాత్రం వద్దు మహాప్రభో!

జవాబు 3: సింకు పైపు చుట్టూ సందు మూయకపోతే ఇదంతా వృథా. స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూయండి. ఒట్టి ఫోమ్ అయితే కొరికేస్తాయి. పెంటికలు పొడిగా ఊడవద్దు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, 5 నిమిషాలాగి, గ్లౌజులు వేసుకుని కాగితంతో ఎత్తండి.