చుట్టాలొస్తున్నారు: రాత్రి తొమ్మిది దాటాక వైజాగ్‌లో ఏం చూపించాలి?

ఎండాడ_పద్మ: మా ఆడపడుచు వాళ్లు మే రెండో వారంలో వరంగల్ నుంచి వస్తున్నారు. పగలు ఆ ఎండకి పిల్లలు గడప దాటరు. రాత్రి తొమ్మిది దాటాక ఎక్కడికి తీసుకెళ్లమంటారు? మా ఆయన బీచ్ రోడ్డు చాలంటారు. మావయ్యగారేమో పాతూరు, అదే వన్‌టౌన్, చూపించకపోతే వైజాగ్ చూపించినట్టే కాదంటారు.

గాజువాక_గుంటడు: ఆర్కే బీచ్. మురీ మిక్చరు, కాల్చిన పొత్తులు, ఘాజీని ముంచిన సబ్‌మెరైన్. అయిపోయింది.

పెరిస్కోప్: ఆ బీచ్‌లో ఉన్న సబ్‌మెరైన్ కురుసుర. అది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచలేదు. ఎన్నిసార్లు చెప్పాలి? 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ మన తీరం దగ్గర మునిగింది. ముంచింది రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్ అని మన నేవీ మాట. లోపల ఏదో పేలి పోయిందనో, తను పరిచిన మైనుకే తగిలిందనో పాకిస్తాన్ మాట. కురుసుర 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, ఆ మరుసటేడు ఇసుక మీదికెక్కి మ్యూజియమైంది. పైగా మీరెళ్లే వేళకి మూసేస్తారు, సోమవారం అసలు తెరవరు.

గాజువాక_గుంటడు: ఎవరు ముంచితే ఏటన్నా, మునిగింది కదా.

అలలరేడు: పద్మగారూ, మీ మావయ్యగారి మాటే వినండి. బీచ్ రోడ్డులాంటిది తీరమ్మట ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. వన్‌టౌన్ ఇంకెక్కడుంది? మూడు కొండలు పక్కపక్కనే: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకన్న గుడి. కింద హార్బర్ ఛానల్. అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. రాస్ హిల్, అదే చర్చి కొండ, మెట్ల మీద నిలబడితే లైట్లేసుకుని లోపలికొచ్చే ఓడ చేత్తో అందుకునేంత దగ్గరగా పోతుంది.

1804లో ఇదే ఊరి ముందు ఇంగ్లీషు ఓడ సెంచూరియన్ మీద ఫ్రెంచివాళ్లు ఫిరంగులు పేల్చారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి హార్బర్ మీద బాంబులేశాయి. ఇంత ఉండీ రాత్రి తొమ్మిదయ్యేసరికి వన్‌టౌన్ శవంలా పడుంటుంది. టౌన్‌హాల్‌కీ, విక్టోరియా రాణి విగ్రహానికీ లైట్లేసి, శని ఆదివారాలు తిండి బళ్లు పెట్టించి, ఓ మూల పాటలు పెడితే పుదుచ్చేరి దేనికి? ఫోర్ట్ కొచ్చి దేనికి?

లాసన్స్‌బే_లక్ష్మి: పాటల సంగతి మమ్మల్నడగండి. మా వీధి చివర ఓ రిసార్టులో రాత్రి ఒంటిగంట దాకా డప్పే. మా అమ్మకి గుండె ఆపరేషనై పదో రోజున కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే చెవుల్లో దూది పెట్టి పడుకోబెట్టాను. వెళ్లి అడిగితే, పర్మిషనుందమ్మా అన్నాడు.

అలలరేడు: అందుకే అంటున్నాను, బీచ్ రోడ్డు మీద భారం తగ్గుతుందని.

లాసన్స్‌బే_లక్ష్మి: తగ్గించి ఎవరి నెత్తిన పెడతారు?

వన్‌టౌన్_వాసి: మా నెత్తినే, ఇంకెవరి నెత్తినండీ. శవంట! మార్గశిర గురువారాల్లో బురుజుపేట ఎప్పుడైనా వచ్చారా? అర్ధరాత్రి నుంచే కనకమహాలక్ష్మి అమ్మవారికి పాలచెంబులు పట్టుకుని జనం లైన్లో ఉంటారు. ఆ గుడికి పైకప్పుండదు, ఎవరి చేత్తో వాళ్లే అమ్మవారికి పోసుకుంటారు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే వేలంపాట మొదలవుతుంది. మూడింటికి లేచేవాళ్లు తొమ్మిదికి పడుకోక ఏం చేస్తారు?

మొన్నొక హెరిటేజ్ వాక్ గుంపు మా సందులోకొచ్చింది. మా నాయనమ్మ గుమ్మంలో కత్తిపీట ముందేసుకుని కవళ్ల చేపలు బాగుచేస్తోంది. నైటీ, భుజాన తువ్వాలు, చేతులనిండా పొలుసు. అడగాపెట్టకుండా నలుగురు ఫోటోలు తీశారు. రెండ్రోజులకి ఎవరో ఇన్‌స్టాలో ‘పాత విశాఖ జీవం’ అని పెట్టారు. ఆవిడ గుమ్మంలో కూచోవడం మానేసింది.

భీమిలి_రేవు: పద్మగారూ, మేలో వేలంపాట చూపిద్దామని ఆశ పెట్టుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పెద్ద బోట్లన్నీ కట్టేసుంటాయి. పొద్దున్నే భీమిలి రండి, డచ్చివాళ్ల సమాధులున్నాయి. ఎండెక్కేలోగా చూసేయొచ్చు.

అలలరేడు: ఫోటోలు తీసినవాళ్లది తప్పే. అలాగని ఊరంతా తలుపులేసుకుంటుందా? కురుపాం మార్కెట్ చుట్టూ ఎన్ని మేడలు కూలుతున్నాయో చూస్తున్నారా? డబ్బొస్తేనే కదా బాగుచేసుకునేది. మీలాంటివాళ్లు అడ్డుపడబట్టే ఆ పేట ఇలా తగలడింది.

వన్‌టౌన్_వాసి: మాలాంటివాళ్లంటే?

అలలరేడు: ప్రతిదానికీ వద్దనేవాళ్లు.

వన్‌టౌన్_వాసి: ఒక మాట అడుగుతాను, సూటిగా చెప్పండి. మీరుండేది ఎక్కడ?

అలలరేడు: ఎంవీపీ కాలనీ. అయితే? మా తాతగారిల్లు వన్‌టౌన్‌లోనే ఉంది. మిద్దె ఇల్లు, టేకు దూలాలు. పదేళ్లుగా తాళమేసుంది. కొనడానికొచ్చినవాడల్లా స్థలానికే వెల కడతాడు, ఇంటికి రూపాయి కట్టడు. ఆ వీధిలో రెండు కాఫీ షాపులొస్తే ఇల్లు ఇల్లుగా నిలబడుతుంది. ఇందులో నా స్వార్థముంది, దాచుకోను.

వన్‌టౌన్_వాసి: అదీ, ఇప్పటికి బయటికొచ్చింది. మీకు ఇల్లుంది, మాకు అద్దె ఉంది. రెండు గదులకి ఏడు వేలు కడుతున్నాం. మీరు చెప్పిన కాఫీ షాపు వచ్చిననాడు మా ఓనరు పదిహేను అడుగుతాడు. నాన్న జెట్టీలో పని, సైకిలు మీద వెళ్లొస్తాడు. అంత దూరం మధురవాడ పొమ్మంటారా?

అలలరేడు: అద్దె పెరగకూడదని ఊరు బాగుపడొద్దంటే ఎలా?

వన్‌టౌన్_వాసి: ముందు డ్రైనేజీ బాగుచెయ్యమనండి. వాన పడితే మోకాలి లోతు నీళ్లు మా సందులో. దానికెవరూ లైట్లెయ్యరు.

లాసన్స్‌బే_లక్ష్మి: నిజమే. కానీ డ్రైనేజీ బాగుపడినా అద్దె పెరుగుతుంది బాబూ.

వన్‌టౌన్_వాసి: పెరిగితే దానికి కడతానండి. పాటలకి కట్టను.

పెరిస్కోప్: చర్చ ఎటో పోయింది. రాజ్‌పుత్ విషయం ఎవరూ ఒప్పుకోలేదింకా.

ఎండాడ_పద్మ: మా ఆయనా, మావయ్యగారూ ఇది చదివి ఇప్పుడు ఇంట్లో అద్దెల మీద పడ్డారు. వాసిగారూ, మేం వన్‌టౌన్ వస్తే మీకు ఇబ్బందా?

వన్‌టౌన్_వాసి: రండమ్మా, రావద్దని ఎవరన్నారు? ఏడింటికి రండి, తొమ్మిదికి కాదు. చర్చి కొండెక్కండి, ఓడ వస్తే పిల్లలకి చూపించండి. ఫోను మాత్రం సందుల్లోకి తిప్పొద్దు.

అలలరేడు: నేను చెప్పిందీ ఆ కొండెక్కమనే.

వన్‌టౌన్_వాసి: మీరు తిండి బళ్లతో ఎక్కమన్నారండి.