విత్తనపు పొట్టేలు: ఒళ్లు చూడాలా, కాళ్లు చూడాలా?

మాది విశాఖ దగ్గర ఆనందపురం. మందకి విత్తనపు పొట్టేలు కొనాలి. రెండు నెల్లూరు జోడిపి జాతి పొట్టేళ్లు నచ్చాయి, రెండూ రెండు పళ్లవే (అంటే సుమారు ఏడాది, ఏడాదిన్నర వయసువి). ఒకటి మంచి ఎత్తు, వెడల్పు ఛాతీ, నడుము తిన్నగా ఉంది. కానీ నిలబడితే వెనక మోకీళ్లు లోపలికి తిరిగి దాదాపు రాసుకుంటున్నాయి. గిట్టల పైభాగం కూడా కిందికి జారినట్టుంది. రెండోది కాస్త పొట్టి. కాళ్లు మాత్రం నిటారుగా, వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉన్నాయి. కింది పళ్లు పైచిగురుకి సరిగ్గా ఆనుతున్నాయి.

అమ్మేవాళ్లు బరువే చూడమంటున్నారు, వాళ్లకేం! ఎదకొచ్చిన గొర్రె మీదికి ఎక్కేటప్పుడు భారమంతా వెనక కాళ్ల మీదే కదా. మొదటిదాని కాళ్ల వంకర దాని పిల్లలకీ వస్తుందా? మంచి మేత పెడితే సర్దుకుంటుందా? గొర్రెలు పెంచేవాళ్లు, పశువైద్యులు ఎవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.