నేపియర్ కోత: 45 రోజులకా, సగం పెరిగాకా?

ఆనందపురం పాడి: అర ఎకరంలో కో-4 రకం నేపియర్ పశుగ్రాసం వేశాను. మొదటి కోత 75 రోజులకి, తర్వాత 45 రోజులకోసారి అని అందరూ చెప్పేదే. ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడేమో "మామయ్యా, పెరగాల్సినదాంట్లో సగానికి రాగానే కోసెయ్, అప్పుడే ఎదుగుదల జోరు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

లెక్కల మాస్టారు: మీవాడిదే కరెక్టు. 1838లో బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్ జనాభా కోసం రాసిన సమీకరణమే ఇది: గరిష్ఠానికి దగ్గరయ్యే కొద్దీ ఎదుగుదల శాతం తగ్గిపోతుంది. గడ్డి పొట్టిగా ఉంటే ఎండ నేలపాలు, గుబురైతే కింది ఆకులకి నీడ. చదరపు మీటరుకి గరిష్ఠం 8 కేజీలు, మొదట్లో రోజుకి 10 శాతం వేగం అనుకోండి. 1 కేజీ ఉన్నప్పుడు రోజుకి 87 గ్రాములు పెరుగుతుంది, 4 కేజీలప్పుడు 200, 7 కేజీలకి వచ్చేసరికి మళ్లీ 87.

భీమిలి బావ: ఆ 8 కేజీలు ఏ నెలలో మాస్టారూ? ఐర్లాండులో గడ్డి పెరుగుదలకి మోస్ట్-జీజీ అని మోడల్ ఉంది. అక్కడ చలికాలంలో గడ్డి దాదాపు ఆగిపోతుంది కాబట్టి వేడిమి లెక్క ముఖ్యం. విశాఖలో అంత చలేదీ? మనకి కీలకం నీళ్లు. మేలో బోరు ఎండితే మీ 8 కాస్తా 3 అవుతుంది. 2014లో హుద్‌హుద్ గాలి మీ సమీకరణంలో ఏ అక్షరమో కూడా చెప్పండి.

మద్దిలపాలెం విద్యార్థిని: తుపాను సంగతి వదిలేద్దాం బావగారూ. వాన, నేల తేమ కలిపితే ఆ గరిష్ఠాన్ని వారం వారం మార్చుకోవచ్చు. అసలు తప్పు వేరే ఉంది. సగం దగ్గర నిలపడం పశువుల్ని రోజూ వదిలి మేపే బీడుకి సరిపోతుంది. కోసి వేసేవాళ్లకి కావాల్సింది కోత నుంచి కోతకి రోజువారీ సగటు. మాస్టారి అంకెలతోనే, కోశాక 1 కేజీ మొదళ్లు మిగిలితే, 4 కేజీలకి సుమారు 20 రోజులు: సగటు 154 గ్రాములు. 28 రోజులు ఆగితే 5.6 కేజీలు: సగటు 165. ఇంకా ఆగితే సగటూ పడిపోతుంది, గడ్డి ముదిరి పీచెక్కుతుంది.

లెక్కల మాస్టారు: అమ్మా, ఒప్పుకున్నా. సగటు నాకు తట్టలేదు.

ఆనందపురం పాడి: ఇవన్నీ అనుకున్న అంకెలే కదా, నా పొలంవి నేను చూసుకుంటా. మావాడు ఇనుప చువ్వతో మీటరు చట్రం చేశాడు. కొడవలితో ఆ మేర కోసి, వేలాడే కాటాకి తగిలిస్తున్నాం. పాలు పితికే వేళకి ఈ కాటాలేంటని మా ఆవిడ గొడవ. కాలవ పక్కన రెండు చోట్ల, గట్టు వార రెండు చోట్ల వారానికోసారి తూస్తాం. ఒకే రోజు కోసిన గడ్డే, కాలవ పక్కది నడుము దాటింది, గట్టు వారది ఇంకా మోకాళ్ల దగ్గరే ఉంది.