"కోఠి"యా, "కోటి"యా?

ప్రశ్న: హైదరాబాదులో ఒక ప్రాంతం పేరు ఒక బోర్డు మీద "కోటి" అని, ఇంకో దాని మీద "కోఠి" అని ఉంటుంది. మా అబ్బాయి "అక్కడ కోటి ఏమున్నాయమ్మా?" అని అడిగాడు. ఏది సరైనదో, ఆ మాట ఎక్కడిదో ఎవరైనా చెప్పగలరా?

జవాబు: ఒత్తు ఠ ఉన్నదే సరైనదండీ. సంఖ్యకూ దానికీ సంబంధం లేదు. సంస్కృతంలో కోష్ఠం అంటే గది, సామాను దాచే చోటు. దాని నుంచే హిందీ, ఉర్దూల్లోకి కోఠా, కోఠీ వచ్చాయి. మన ధాన్యపు కొఠారు కూడా వాటికి చుట్టమే. గింజలు పోసుకునే గది కాస్తా షావుకారు సరుకుల ఇల్లయింది, తర్వాత పెద్దవాళ్ళుండే భవంతి అయింది. చివరి దీర్ఘం తెలుగులో పొట్టిదైంది, నౌకరీ నౌకరి అయినట్టే.

ఆ ప్రాంతానికి పేరు తెచ్చిన భవంతి బ్రిటిష్ రెసిడెన్సీ. నేను చదువుకున్నది అందులోనే. ఆరు పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు. ఆ మెట్ల మీద కూర్చుని నోట్సు రాసుకున్న రోజుల్లో ఎవరి ఇంట్లో కూర్చున్నామో మాకు తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కట్టించినవాడు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, అంటే రాయబారి. దర్బారు ఆయనకిచ్చిన బిరుదు హష్మత్ జంగ్. ఖర్చు పెట్టింది మాత్రం నిజాం. హైదరాబాదు పెద్దింటి అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళాడి, ఆమె కోసం ఆవరణలోనే రంగ్‌మహల్ అనే జనానా, అంటే ఆడవాళ్ళుండే భవనం, కట్టించాడు. పరదా వల్ల ఆమె ముందు వైపుకు వచ్చి పెద్ద భవనాన్ని చూడలేదు కాబట్టి, అచ్చం అలాంటిదే చిన్న నమూనా తోటలో కట్టించాడని చెబుతారు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపించేశారు. ఆ అక్టోబరులోనే ఆయన కలకత్తాలో కన్నుమూశాడు. ఖైరున్నీసా పిల్లలను మళ్ళీ చూడనే లేదు. రంగ్‌మహల్‌ను తర్వాత పడగొట్టారు, నమూనా మిగిలింది.

1857 తిరుగుబాటు రోజుల్లో, ఆ జులైలో, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇందులోకి వచ్చింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం.

ప్రశ్న: మరి కింగ్ కోఠి? అక్కడ కూడా దొరలే ఉండేవారా?

జవాబు: లేదండీ, అది నిజాం నివాసం. కట్టించింది కమాల్ ఖాన్ అనే ఆయన. తలుపులకూ కిటికీలకూ తన పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు "కె.కె." చెక్కించుకున్నాడు. ఇల్లు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చాక, రాజుగారింటి మీద ఇంకొకరి పేరు ఉండటం ఎలా అన్న చిక్కు వచ్చిందట. అక్షరాలు చెరపకుండా "కింగ్ కోఠీ" అని కొత్త అర్థం చెప్పుకున్నారని అంటారు. ఆయన 1967 ఫిబ్రవరిలో ఆ ఇంట్లోనే చనిపోయారు.

రెండు చోట్లా మాట ఒకటే, ఒత్తు ఠే. మీ అబ్బాయితో కోఠి, కొఠారు పక్కపక్కన రాయించండి, ఇక మరిచిపోడు.