‘డ్యూబియస్’ అనే ఇంగ్లీషు విశేషణం: సందేహం ఎవరిది, దేని మీద?

బొబ్బిలి నుంచి ప్రశ్న

పెద్దలకు నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధిస్తున్నాను. నిన్నటి పాఠంలో తనకు ఒక సందేహం ఉందని తెలియజేయడానికి ఒక విద్యార్థిని ‘ఐ యామ్ డ్యూబియస్ అబౌట్ యువర్ లెసన్’ అని రాసింది. నిఘంటువులో ‘సందేహం గల’ అన్న అర్థం చూసి ఆ మాట వాడానని చెప్పింది. ఆ అర్థంలో తప్పు లేకపోయినా వాక్యం మాత్రం తప్పుగానే వినిపిస్తోంది. దీనిని ఆ అమ్మాయికి తెలుగులో ఎలా వివరించాలి? ‘డౌట్‌ఫుల్’ అనే మాటకూ దీనికీ ఉన్న భేదం ఏమిటి?

విజయనగరం నుంచి సమాధానం

మేడమ్ గారూ, చిక్కంతా మన ‘సందేహం’ అనే మాటకున్న విస్తృతిలో ఉంది. తెలుగులో సందేహం అంటే అపనమ్మకమే కానక్కరలేదు. తెలియనిదాన్ని అడిగి తెలుసుకోవాలనే కోరిక కూడా సందేహమే, అందుకే గురువు చేసేది సందేహ నివృత్తి. డ్యూబియస్‌లో ఆ జిజ్ఞాస లేదు. ఆ వాక్యం చదివిన ఇంగ్లీషువారు, మీరు చెప్పిన పాఠం సరైనదని ఆ విద్యార్థిని నమ్మడం లేదని అనుకుంటారు. మన తరగతుల్లో నిత్యం వినిపించే ‘ఐ హావ్ ఎ డౌట్’ కూడా వారి చెవికి కొంత అలాగే తోస్తుంది. అడగవలసినది ఉన్నప్పుడు ‘క్వశ్చన్’ అనడమే సరైన పద్ధతి.

ఇక మాట పుట్టుక. లాటిన్‌లోని ‘దుబియుస్’ దీనికి మూలం, దానిని ఆ భాషలో రెండుకు పేరైన ‘దుయో’తో ముడిపెడతారు. మనసు రెండు వైపులా ఊగడమే సందేహమన్న ఈ భావన మనకూ పాతదే. అమరకోశం ‘విచికిత్సా తు సంశయః, సందేహద్వాపరౌ చ’ అంటూ సంశయానికి చెప్పిన పర్యాయపదాల్లో ‘ద్వాపర’ ఒకటి. యుగం పేరుగా మాత్రమే మనకు మిగిలిన ఆ మాటలో కూడా రెండు అనే అర్థమే దాగి ఉంది. దూరాన కనబడేది మోడో మనిషో తేలని స్థితిని నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, సంశయానికి ఉదాహరణగా చూపుతారు. అక్కడ కూడా పక్షాలు రెండే. ‘డౌట్’ సైతం ఆ లాటిన్ కుటుంబంలోనిదే. అది ఫ్రెంచి మీదుగా బకారం లేకుండా ఇంగ్లీషులోకి రాగా, లాటిన్ మూలాన్ని గుర్తు చేయడానికి పండితులు తరువాత ఆ అక్షరాన్ని రాతలో చేర్చారు. అందువల్లనే అది రాతలో కనబడుతుంది తప్ప పలుకులో వినబడదు.

అసలు ఇబ్బంది ఈ విశేషణం రెండు వైపులా పనిచేయడంలో ఉంది. సందేహించే మనిషికీ అదే మాట, సందేహానికి గురైన వస్తువుకూ అదే మాట. వస్తువుకే దీనిని వాడాలని, మనిషికి వాడరాదని పట్టుబట్టిన వ్యాకర్తలు ఇంగ్లీషులో ఒకప్పుడు ఉండేవారు, కానీ వాడుక వారి మాటను మన్నించలేదు. తెలుగు ఈ రెండింటినీ ఎన్నడూ కలపదు. సందేహించేవారికి ‘కు’ ప్రత్యయం చేర్చి ‘నాకు సందేహంగా ఉంది’ అంటాం. సందేహానికి చోటిచ్చేదానిని ‘సందేహాస్పదం’ అంటాం, ఎందుకంటే ఆస్పదం అంటే స్థానం. నిరంతరం ఇతరులను శంకించేవాడు అనుమానప్పక్షి, ఇతరులు శంకించదగినవాడు అనుమానాస్పదుడు. ఇద్దరికీ ఒకే పేరు పెట్టడానికి మన భాష ఒప్పుకోదు. ఇంత స్పష్టమైన ఏర్పాటు మనకుండగా, అనువాద కథల్లో ‘ఆయన నా వైపు సందేహాస్పదంగా చూశాడు’ వంటి వాక్యాలు కనబడితే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఆ వాక్యం ప్రకారం ఆయన చూపు మీద మనకు సందేహం కలగాలి, కానీ రచయిత చెప్పదలచుకున్నది ఆయనకు మన మీద కలిగిన సందేహం. అక్కడ ‘నమ్మీ నమ్మనట్టు చూశాడు’ అంటే ఎంత హాయిగా ఉంటుంది!

డౌట్‌ఫుల్‌తో భేదం వస్తువుల విషయంలోనే బాగా తెలుస్తుంది. ఒక తాటాకు గ్రంథం ఏ కాలానిదో తేలకపోతే దాని కాలం డౌట్‌ఫుల్. అందులో ఎవరి మోసమూ లేదు, నిర్ణయానికి ఆధారం చాలలేదంతే. ఎక్కడో మరమగ్గం మీద నేసిన గుడ్డను పొందూరు ఖద్దరని చెప్పి అమ్మజూపితే దాని పుట్టుక డ్యూబియస్. అక్కడ మాటలో మోసం వాసన ఉంటుంది. మొదటిదానికి ‘సందిగ్ధం’, రెండవదానికి ‘అనుమానాస్పదం’ సరిపోతాయని నా అభిప్రాయం. సంస్కృత తర్కంలో అనుమానం ఒక ప్రమాణం. పొగను చూసి నిప్పును ఊహించడం వంటి, నిశ్చయానికి దారితీసే జ్ఞానమది. తెలుగులో అది తలకిందులై శంకగా మారింది. ‘నాకో అనుమానం’ అంటే ఇప్పటికీ ప్రశ్నగానే చెల్లుతుంది, కానీ ‘మీ మీద నాకో అనుమానం’ అన్నామంటే తగవు మొదలైనట్లే.

‘డ్యూబియస్ డిస్టింక్షన్’ అనే పలుకుబడిని మాత్రం సందేహంతో అనువదించకూడదు. ఒక ఊరికి అత్యంత మురికి ఊరన్న పేరు వస్తే దానిని ఘనత అనవచ్చునా అన్నదే ఆ మాటలోని శంక. ‘సందేహాస్పద ఘనత’ అని రాస్తే పాఠకుడికి ఏమీ బోధపడదు. ‘అపఖ్యాతి మూటగట్టుకుంది’ అని మన పత్రికలు ఏనాటి నుంచో రాస్తున్నాయి, అదే సరైనది.

పాలకొండ నుంచి

మాస్టారూ, మీ వివరణ చాలా బాగుంది. ఒక్క మాట చేర్చడానికి అనుమతించండి. మా పల్లెల్లో ఇటువంటి చోట విశేషణమే వాడరు. ‘ఆయన రాక డౌట్‌ఫుల్’ అనవలసిన చోట ‘వత్తాడో రాడో’ అంటారు. మీరు చెప్పిన రెండు పక్షాలూ ఆ రెండు ఓకారాల్లోనే ఉన్నాయి కదా. డ్యూబియస్ అనవలసి వస్తే ‘ఏటో, నాకు నమ్మకం నేదు’ అంటారు.

నేను సహకార సంఘంలో లెక్కలు రాసి విరమించినవాడిని. వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ‘సంశయాత్మక బాకీలు’ అని ఉంటుంది, పత్రికలు అన్నింటినీ కలిపి ‘మొండి బాకీలు’ అంటాయి. మీ విభజన ప్రకారం వీటిలో ఏది సరైనది?

విజయనగరం నుంచి

అయ్యా, ‘వత్తాడో రాడో’ అన్నదానిని మించిన అనువాదం నాకు తోచడం లేదు. అనువాదకులు సమాసాల కోసం వెదికే ముందు ఈ ఓకారాలను తలచుకోవడం మంచిది.

బాకీల సంగతికి వస్తే, గీతలో ‘సంశయాత్మా వినశ్యతి’ అన్నప్పుడు సంశయాత్ముడు సందేహించేవాడు. ఆ లెక్కన సంశయాత్మక బాకీ అంటే బాకీయే సందేహిస్తోందా అని మొదట అనిపిస్తుంది. కానీ వర్ణనాత్మకం, విమర్శనాత్మకం అన్నట్లుగా ‘ఆత్మక’కు స్వభావం గల అనే అర్థం ఉంది కనుక ఆ పదాన్ని తప్పనలేం. ‘మొండి బాకీ’ జీవమున్న మాటే, కానీ బ్యాంకుల వాడుకకు అది చాలదు. మామూలు అప్పులో వాయిదా గడువు దాటి 90 రోజులు మించితే, పంట రుణమైతే పంట కాలాల లెక్కన, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అది నిరర్థక ఆస్తి అవుతుంది. నిరర్థక ఆస్తుల్లో తొలి తరగతి ‘సబ్‌స్టాండర్డ్’. అందులో 12 నెలలు గడిచాక దానిని డౌట్‌ఫుల్ అంటారు, వసూలు కాదని తేలినదానిని నష్టపు ఆస్తి కింద రాస్తారు. మొండి బాకీ అనే పేరు ఈ మూడింటినీ కప్పేస్తుంది. ఇక్కడ డౌట్‌ఫుల్ ఎవరి మనసులోని ఊగిసలాటా కాదు, క్యాలెండరు నిర్ణయించే ఒక మెట్టు. రుణం తీసుకున్న రైతు నిజాయితీని శంకించే ఛాయ అందులో రాకూడదు కనుక ‘అనుమానాస్పద బాకీ’ అనడం అన్యాయం. నన్నడిగితే సంఘం నివేదికల్లో ‘వసూలు సందిగ్ధమైన బాకీ’ అని రాయమంటాను. కొంచెం పొడవైనా, ఏది సందిగ్ధమో అందులో తేటగా ఉంది.