సైలెంట్ హిల్ 2: జేమ్స్‌ని నేనే చంపేశానా? (కథ మొత్తం ఉంది, ఆడనివాళ్ళు చదవకండి)

పొగమంచు93: రాత్రి రెండింటికి ఈ హారర్ గేమ్ రీమేక్ (కొత్తగా మళ్ళీ చేసిన వెర్షన్) పూర్తి చేశాను, ఇంకా మనసు కుదుటపడలేదు. నాకు "ఇన్ వాటర్" ఎండింగ్ వచ్చింది, మనం ఆడించే హీరో జేమ్స్ కారుతో సహా సరస్సులోకి వెళ్ళిపోయాడు. ఎక్కడా నన్ను ఇదా అదా అని అడగలేదు కదా, మరి గేమ్ ఎలా డిసైడ్ చేసింది? బాస్‌ల (పెద్ద శత్రువుల) దగ్గర పనికొస్తాయని మందులు దాచుకుంటూ, దెబ్బలు తగిలినా అలాగే నడిపించా, ఆఖరికి చూస్తే ఒక్కటీ వాడని సిరంజిలు బోలెడు మిగిలాయి. అదేనా కారణం?

టార్చ్‌లైట్: అదే మెయిన్ కారణం బ్రో. హెల్త్ తక్కువున్నా పట్టించుకోకపోతే జేమ్స్‌కి బతకాలని లేదని గేమ్ అనుకుంటుంది. దారిలో కలిసే ఏంజెలా అనే అమ్మాయి ఇచ్చిన కత్తిని ఇన్వెంటరీలో (దగ్గరున్న సామాన్ల లిస్టులో) తీసి చూశావా? దానికీ లెక్కుంది. వెంటనే మందు వాడుతూ జేమ్స్ భార్య మేరీ ఫొటో, ఉత్తరం అప్పుడప్పుడు తీసి చూస్తుంటే "లీవ్" వైపు వెళ్తుంది, అచ్చం మేరీలా ఉండే మరియాని అంటిపెట్టుకుని తిరిగితే ఇంకో ఎండింగ్.

పాత_పీఎస్2: 2001 నుంచి ఆడుతున్నా, ఇప్పటికీ నన్ను వదలనిది ఆ ఉత్తరమే. మూడేళ్ళ కింద జబ్బుతో పోయిన భార్య రాసిందని జేమ్స్ దాన్ని పట్టుకుని ఆ ఊరికి వస్తాడు, ఒరిజినల్‌లో మాత్రం ఆట ముందుకెళ్ళేకొద్దీ ఇన్వెంటరీలో అందులోని రాతలు మాయమైపోతాయి, హోటల్ 312 రూమ్‌లో వీడియో టేప్ చూసేదాకా ఎందుకో అర్థం కాదు, దిండుతో మేరీ ఊపిరి ఆపింది జేమ్సే. ఆ ఊళ్ళో కనిపించే చిన్నపిల్ల లారా మాత్రం మేరీని పోయినేడాదే ఆసుపత్రిలో చూశానంటుంది, మూడేళ్ళు అబద్ధమని ఆ పిల్ల ముందే చెప్పేసింది, మనమే వినలేదు. రీమేక్ మీద నాకు ఒక్కటే కంప్లయింట్, డాడ్జ్ (దెబ్బ తప్పించుకునే కదలిక) పెట్టారు. పాతదాంట్లో చెక్కముక్క ఊపడానికే తడబడే మామూలు మనిషి, ఆ తడబాటే భయం.

టార్చ్‌లైట్: డాడ్జ్ ఉన్నా నాకు భయం తగ్గలేదు అన్నా, రాక్షసులు దగ్గరికొస్తే వచ్చే రేడియో గరగర మొదలైతే చాలు చేతులు చల్లబడిపోతాయి.

నిద్రలేదు: మా అమ్మ మంచాన పడ్డప్పుడు రెండేళ్ళు నేనే చూసుకున్నాను. చివర్లో ఆ పొడుగాటి కారిడార్‌లో మాటలు మాత్రమే వినిపిస్తాయి చూడండి, జేమ్స్ పూలు తెస్తాడు, నాకొద్దు పొమ్మని మేరీ అరుస్తుంది, మళ్ళీ వెంటనే వెళ్ళిపోకు అని ఏడుస్తుంది. అక్కడ కంట్రోలర్ పక్కన పెట్టేశా. అమ్మ కూడా గిన్నె విసిరికొట్టి, ఐదు నిమిషాలకి అన్నం తిన్నావా అని అడిగేది. ఇది ఎప్పుడు అయిపోతుందా అని ఒక్క రాత్రయినా అనుకోకుండా ఎవరూ సేవ చెయ్యలేరు, నేనూ అనుకున్నా. జేమ్స్ చేసింది హత్యే, దాన్ని నేను ఒప్పుకోను, కానీ ఆ అలసటని ఇంత నిజంగా చూపించిన గేమ్ నేను ఇంకోటి చూడలేదు. @పొగమంచు93 నువ్వేం తప్పు చెయ్యలేదు, కాకపోతే ఈసారి అతనికి మందు వెయ్యి.

పొగమంచు93: థాంక్స్ అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇప్పుడే మళ్ళీ మొదలుపెట్టా. ఇంకా పార్కింగ్ దగ్గరే ఉన్నా, ఉత్తరం తెరిచి చూస్తే రాతలన్నీ ఉన్నాయి.